బరువు బండికి గాలి ఆసరా

ఎయిర్ హెల్పర్ స్ప్రింగ్ అంటే పికప్ బండి వెనుక ఇరుసుకూ చాసిస్‌కూ నడుమ బిగించే రబ్బరు గాలితిత్తి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. బండితో వచ్చిన కమాను కట్టలను తీసేయరు. వాటి పని అవి చేస్తూనే ఉంటాయి, తిత్తులు వాటికి తోడు నిలుస్తాయి. లోడు ఎక్కాక గాలి పడితే కుంగిన వెనుక భాగం లేచి బండి సమంగా నిలబడుతుంది. లోడు దించాక గాలి తగ్గిస్తే కట్టలు ఎప్పటిలా మెత్తగా ఆడతాయి. బరువు మోసే బండికీ, వెనుక మరో బండిని తగిలించుకుని లాగే బండికీ ఇది బాగా పనికొచ్చే పరికరం. అయితే దీని చుట్టూ ప్రమాదకరమైన అపోహ ఒకటి ఉంది. వెనుక భాగం పైకి లేచింది కాబట్టి ఇంకో నాలుగు బస్తాలు వేయొచ్చనుకోవడమే అది. గాలితిత్తి బండి ఎత్తును సరిచేస్తుంది. బండి మోయగల బరువును ఒక్క కిలో కూడా పెంచదు.

నంద్యాల జిల్లాలో ఈ తేడా తెలిసి ఉండటం చాలా అవసరం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో పికప్పుల మీద తిరిగే సరుకులో బరువైనదే ఎక్కువ. ఆళ్లగడ్డ శిల్పశాలల్లో చెక్కిన దేవతా విగ్రహాలు, బేతంచెర్ల నాపరాళ్లు, నంద్యాల మిల్లుల బియ్యం, ఎండాకాలంలో బనగానపల్లె మామిడి, బండలాగుడు పోటీలకు వెళ్లే ఒంగోలు జాతి ఎడ్లు, అన్నీ ఈ బండ్ల మీదే కదులుతాయి. వెనుక తగిలించి లాక్కెళ్లేవి వేరే. శ్లాబు పనుల కాంక్రీటు మిల్లర్లు, రాయి కొట్టే కంప్రెసర్లు, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లే జనరేటర్లు అలాంటివి. నంద్యాల నుంచి శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడప వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద కాసేపు నిలబడితే వెనుక చక్రాల మీద చతికిలబడి, ముక్కు పైకెత్తి పోయే పికప్పులు వరుసగా కనిపిస్తాయి.

రాయి బరువు కంటికి ఆనదు

బస్తాల లెక్క సులువు. 25 కిలోల బియ్యం సంచులు నలభై వేస్తే టన్ను. రాతికి ఆ సౌకర్యం లేదు. విగ్రహాలకు వాడే నల్లరాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది, అంటే ఘనపు అడుగుకు సుమారు 85 కిలోలు. మామూలు బూడిదరంగు గ్రానైటు కొంచెం తేలిక, ఘనపు అడుగుకు 75 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఐదడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న నల్లరాతి దిమ్మె పద్దెనిమిదిన్నర ఘనపు అడుగుల పైమాటే. దాని బరువు 1,590 కిలోలకు చేరుతుంది. చెక్కుడులో మూడో వంతు పోయినా మిగిలిన విగ్రహం 1,050 కిలోలకు తగ్గదు.

ఇక్కడే పెద్ద పొరపాటుకు చోటుంది. ఐదడుగుల విగ్రహాన్ని సులువుగా మోసిన బండి ఆరడుగుల దాన్నీ మోస్తుందని అనిపిస్తుంది. పెరిగింది ఒక్క అడుగే కదా! కానీ ఎత్తుతో పాటు వెడల్పూ మందమూ అదే పాళ్లలో పెరుగుతాయి. ఎత్తు ఐదో వంతు పెరిగితే బరువు 73 శాతం పెరుగుతుంది. 1,050 కిలోలు కాస్తా 1,800 దాటిపోతాయి. బొలెరో పికప్పుల్లో మోడల్‌ను బట్టి 1.3, 1.5, 1.7 టన్నుల మోతకు తయారైనవి ఉన్నాయి. 2022లో వచ్చిన టాటా యోధా 2.0, మరుసటి ఏడాది వచ్చిన బొలెరో మాక్స్ పికప్పుల్లో పెద్దవి 2 టన్నుల దాకా మోస్తాయి. కాబట్టి ఏ విగ్రహానికి ఏ బండి అన్నది ఎత్తు చూసి చెప్పే మాట కాదు. విగ్రహం కదలకముందే దాని ఘనపుటడుగులు లెక్కగట్టాలి, వీలైతే వేబ్రిడ్జి మీద తూచాలి.

బండి ఎంత మోస్తుందో రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఉంటుంది. లోడుతో కలిపిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేది మొత్తం మోత. అందులోంచి తోడు వచ్చిన కూలీల బరువు, విగ్రహం కింద పరిచే దుంగలు, ఇసుక బస్తాలు, గొలుసులు, చైన్ పుల్లీ బరువు తీసేయాలి. నలుగురు మనుషులు, సామాను కలిస్తేనే 350 కిలోలు తేలిగ్గా పోతాయి. ఈ లెక్క వేసేవాళ్లు అరుదు. వేయాల్సిన లెక్కల్లో మొదటిది మాత్రం ఇదే.

కమాను కట్టల పరిమితి

పికప్పుల వెనుక సస్పెన్షన్ దాదాపు అన్నిటికీ కమాను కట్టలే. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టు వేసి, యూ బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. పొడవాటి మెయిన్ పట్టీ ఒక కొన చాసిస్‌కు, రెండో కొన ఊగే షాకిల్‌కు తగులుకుంటుంది. బరువు పడితే పట్టీలు సాగి తిన్నగా అవుతాయి, తీసేస్తే మళ్లీ వంపు తిరుగుతాయి. పట్టీల మధ్య రాపిడి వల్ల ఊపు కొంత దానంతటదే తగ్గుతుంది. చౌకగా దొరికేది, దెబ్బకు తట్టుకునేది, ఏ ఊరి మెకానిక్కుకైనా చేతనయ్యేది కావడంతో బరువు బండ్ల విషయంలో దీనికి ఇప్పటికీ పోటీ లేదు.

చిక్కు ఒక్కటే. ఉక్కు గట్టిదనం మారదు. టన్నున్నర మోయగల కట్ట ఖాళీ బండికి మరీ బిరుసు. ఖాళీ బండిలో హాయిగా ఆడే కట్ట లోడుకు వాలిపోతుంది. కంపెనీలు మధ్యేమార్గంగా అడుగున బిరుసైన హెల్పర్ పట్టీ ఒకటి పెడతాయి. లోడు పెరిగి కట్ట కుంగాక మాత్రమే అది బరువు అందుకుంటుంది. అది చాలదనుకున్నవాళ్లు కమాను షాపుకెళ్లి ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయిస్తారు. జిల్లాలో ఎక్కువమంది చేసేది ఇదే. వెనుక భాగం లేస్తుంది నిజమే కానీ, ఆ బిరుసుదనం ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి ప్రతి గతుకుకూ ఎగిరి పడుతుంది. కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి పల్లె రోడ్లను అలలు అలలుగా చేస్తుంది. అలాంటి రోడ్డు మీద చక్రం నేలను వదిలి గాల్లో ఉన్న క్షణంలో బ్రేకు వేస్తే ఫలితం ఉండదు. ఆ అదురు షాకిల్ బ్రాకెట్లకూ చాసిస్ రివెట్లకూ చేరి పగుళ్లు తెస్తుంది.

గాలితిత్తి ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. దాని బిరుసుదనం ఎప్పుడు ఎంత కావాలో అంతే. గాలి పెంచితే గట్టిపడుతుంది, తగ్గిస్తే ఉండీ లేనట్టే ఉంటుంది.

తిత్తి ఎలా మోస్తుంది

లోపలి గాలి పీడనాన్ని తిత్తి మోసే వైశాల్యంతో గుణిస్తే అది ఎత్తే బరువు వస్తుంది. వంద చదరపు సెంటీమీటర్ల వైశాల్యమున్న తిత్తిలో చదరపు సెంటీమీటరుకు 3 కిలోల చొప్పున గాలి ఉంటే అది 300 కిలోలు ఎత్తుతుంది. జంట కలిపి 600 కిలోలు. టైరు షాపు గేజీ మీద ఆ పీడనం సుమారు 43 పాయింట్లు. గతుకులో ఇరుసు పైకొచ్చినప్పుడు తిత్తి నలిగి లోపలి గాలి ఇంకా దగ్గరవుతుంది, పీడనం పెరుగుతుంది. నొక్కేకొద్దీ మరింత గట్టిగా ఎదురు నిలవడం దీని స్వభావం. అందుకే ఉక్కు మీద ఉక్కు కొట్టుకున్నట్టు దడాలున తగలదు.

ఆలోచన పాతదే. గాలితో పనిచేసే స్ప్రింగుకు అమెరికాలో విలియం హంఫ్రీస్ పేటెంటు పొందింది 1901లో. 1930లలో ఫైర్‌స్టోన్ కంపెనీ రబ్బరు తిత్తుల మీద పని చేసింది. 1954లో గ్రేహౌండ్ సంస్థ దూరప్రయాణాలకు దించిన సీనిక్రూయిజర్ బస్సులు గాలి మీదే నడిచాయి. లాన్సింగ్ నగరంలో 1949లో మొదలైన ఎయిర్ లిఫ్ట్ కంపెనీ మామూలు బండ్లకు అదనంగా బిగించుకునే తిత్తులను తెచ్చింది. భారతదేశంలో జనానికి ఈ సుఖం రుచి చూపించినవి 2001లో వచ్చిన వోల్వో బస్సులు. నంద్యాల నుంచి రాత్రి హైదరాబాదుకో బెంగళూరుకో ఎయిర్ సస్పెన్షన్ బస్సులో పడుకుని వెళ్లే ప్రయాణికుడి కింద ఉన్నది ఈ తిత్తులే. అయితే బస్సులో బరువంతా తిత్తులే మోస్తాయి. పికప్‌కు తగిలించే హెల్పర్ తిత్తులు మాత్రం కట్టలకు సాయం చేసేవి మాత్రమే. రెంటినీ ఒకటిగా చూడకూడదు.

కట్టలున్న బండికి ఇరుసుకూ చాసిస్ రైలుకూ మధ్య బ్రాకెట్లతో నిలబెట్టే మడతల తిత్తి సరిపోతుంది. చుట్టల స్ప్రింగులున్న బండికి స్ప్రింగు లోపలే దూర్చే స్తంభం లాంటి తిత్తి వాడతారు. టెక్సాస్‌లోనో జార్జియాలోనో పికప్ నడిపే తెలుగువారిలో చాలామందికి ఈ రెండో రకం ఎదురవుతుంది, ఎందుకంటే 2009 తర్వాతి రామ్ 1500 లాంటి బండ్ల వెనుక ఉన్నవి చుట్టలే. 2013 నుంచి ఆ బండికి కంపెనీయే నాలుగు చక్రాలకూ గాలి సస్పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్‌కూ, టొయోటా హైలక్స్‌కూ వెనుక కమాను కట్టలే ఉన్నాయి. పలు దేశాల్లో తిరిగే మోడళ్లు కాబట్టి వాటికి కొలత కుదిరిన కిట్లు తయారవుతున్నాయి. మిగతా బండ్లకు ఆ మోడల్ కోసమే చేసిన కిట్టు దొరికితేనే బిగించాలి. బస్సు నుంచి తీసిన పాత బెలూన్‌ను కోసి, అతికించి, వెల్డింగు పెట్టి చేసే ప్రయోగం మాత్రం ప్రాణాలతో చెలగాటం.

వెనుక కొక్కెం, ముందు చక్రం

వెనుక బరువు పెరిగితే ముందు చక్రాలకు ఏమవుతుందో చాలామంది పట్టించుకోరు. బండికి రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి కొక్కెం దాకా 1.2 మీటర్లు అనుకుంటే, కొక్కెం మీద పడిన 150 కిలోల బరువు వెనుక ఇరుసుకు 210 కిలోలుగా చేరుతుంది. ఆ అదనపు 60 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయినవి. స్టీరింగ్ తేలికవుతుంది. మలుపులో బండి చెప్పిన మాట వినదు. ముందు బ్రేకులకు నేల మీద పట్టు తగ్గుతుంది.

దీపాల సంగతి ఇంకొకటి. వెనుక భాగం 9 సెంటీమీటర్లు కుంగితే హెడ్‌లైట్ల వెలుగు 30 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదురొచ్చే మోటారుసైకిలు మనిషి కళ్లలో పడుతుంది. రాత్రి పూట రహదారి పక్కన పశువులు, నడిచిపోయే మనుషులు, వరికోతల కాలంలో వెనుక దీపాల్లేని ట్రాక్టరు ట్రాలీలు ఉండే దారిలో ఇది చిన్న విషయం కాదు. గాలితిత్తులు చేసే మేలులో సగం ఇక్కడే ఉంది. అవి బండిని సమంగా నిలబెట్టి దీపాలను దించుతాయి, షాకప్‌లకు ఆడేందుకు చోటిస్తాయి, కట్టలు బంపుస్టాపులకు కొట్టుకోకుండా కాపాడతాయి.

అవి చేయలేనిదీ ఇక్కడే ఉంది. వెనుక భాగం లేచినంత మాత్రాన ఆ 60 కిలోలు ముందు చక్రాలకు తిరిగి రావు. తూకం వేస్తే వెనుక ఇరుసు మీద అప్పుడూ ఇప్పుడూ 210 కిలోల అదనపు బరువే కనిపిస్తుంది. ముందుకు బరువు పంచాలంటే లోడును కదపాలి, లేదా బరువు పంచే ప్రత్యేకమైన కొక్కెం వాడాలి. లోడును కదపడంలో ఉన్న బలం చిన్నది కాదు. టన్ను బరువున్న విగ్రహపు గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు అడుగు వెనక ఉంటే ఇరుసు మీద 1,100 కిలోలు పడతాయి, ముందు ఇరుసు మీద 100 కిలోలు తగ్గుతాయి. అదే విగ్రహాన్ని రెండడుగులు ముందుకు జరిపితే వెనుక ఇరుసు మీద 900 కిలోలే, మిగతా 100 ముందుకు పోతాయి. దుంగలు వేసి రెండడుగులు జరిపే శ్రమతో 200 కిలోల తేడా! ఎన్ని వేలు పోసి తిత్తులు కొన్నా ఈ పని అవి చేయలేవు. విగ్రహాన్ని నిలబెట్టి కాకుండా, కింద గడ్డి, ఇసుక బస్తాలు పరిచి పడుకోబెట్టి తీసుకెళ్లడమూ ఇలాంటిదే. బరువు కిందికి దిగితే మలుపుల్లో బండి పడిపోయే భయం తగ్గుతుంది. పీఠం బరువైన కొస కాబట్టి అది కేబిన్ వైపు ఉండటం మేలు.

బ్రేకు వాల్వును మోసం చేయకూడదు

హెల్పర్ తిత్తుల విషయంలో అన్నిటికన్నా తక్కువమందికి తెలిసిన ప్రమాదం ఇది. చాలా పికప్పుల్లో చాసిస్‌కు ఒక బ్రేకు వాల్వు, దాని నుంచి ఇరుసుకు ఒక కడ్డీ ఉంటాయి. బండి వెనుక ఎంత కుంగిందో ఆ కడ్డీ కనిపెడుతుంది. ఖాళీ బండికి వెనుక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు పట్టేసి బండి గిర్రున తిరుగుతుంది. అందుకని వెనుక భాగం ఎత్తుగా ఉంటే వాల్వు వెనుక బ్రేకుల ఒత్తిడిని తగ్గిస్తుంది. కుంగి ఉంటే లోడు ఉందని గ్రహించి పూర్తి ఒత్తిడిని వదులుతుంది.

ఇప్పుడు టన్నున్నర లోడు వేసి, తిత్తులకు గాలి కొట్టి వెనుక భాగాన్ని ఖాళీ బండి ఎత్తుకు తెచ్చారనుకుందాం. వాల్వు దృష్టిలో అది ఖాళీ బండి. బరువంతా వెనుక ఉన్నా వెనుక బ్రేకులకు ఒత్తిడి అందదు. ముందు బ్రేకులే అంతా మోసి వేడెక్కుతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా నల్లమల అడవిలో గిద్దలూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డు దిగువలోనో, ఎగువ అహోబిలం నుంచి దిగివచ్చే మలుపుల్లోనో ఇది ఎక్కడికి దారితీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి వెనుక భాగాన్ని పూర్తిగా ఖాళీ ఎత్తుకు తేకూడదు. పద్ధతి సులువే. ఖాళీ బండిని సమతలం మీద నిలిపి, చక్రం మధ్య నుంచి పైనున్న బాడీ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. ముందు చక్రాల దగ్గరా కొలవాలి. లోడు వేశాక మళ్లీ కొలవాలి. ఎంత కుంగిందో అందులో సగం నుంచి ముప్పాతిక వరకు తిరిగి లేచేలా గాలి పెడితే చాలు. ఇలాంటి వాల్వు ఉన్న బండికి సగం దగ్గరే ఆపడం క్షేమం. కడ్డీని వంచో, పొడవు మార్చో సరిచేస్తామనే సలహా కొందరు ఇస్తారు. లోడుకు సరిపడేలా మార్చిన కడ్డీ ఖాళీ బండిలో వెనుక చక్రాలను పట్టేయిస్తుంది. వాల్వు అమరికను కంపెనీ వర్క్‌షాపు తప్ప మరెవరూ తాకకూడదు.

లాగేటప్పుడు

వెనుక తగిలించిన బండి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలన్నది అమెరికాలో ఎక్కువగా పాటించే కొలత. వెయ్యి కిలోల ట్రాలీకి కొక్కెం మీద 100 నుంచి 150 కిలోలు. అంతకన్నా తగ్గితే ట్రాలీ తోక ఆడిస్తుంది. కాస్త వేగం పెరగగానే అటూ ఇటూ ఊగుతూ, ఊపు పెంచుకుంటూ ముందున్న బండిని కూడా పక్కకు లాగేస్తుంది. వెనుక కుంగుతోందని ట్రాలీలో సామాను వెనక్కి నెట్టి కొక్కెం బరువు తగ్గించడం చాలామంది చేసే పని. కుంగుడు పోతుంది, ఊగుడు మొదలవుతుంది. సామాను సరైన చోట ఉంచి, దానివల్ల వచ్చిన కుంగుడును గాలితిత్తితో సరిచేయడం అసలు పద్ధతి. లాగుడులో ఈ పరికరం నిజంగా రాణించేది ఇక్కడే. ఒకవేళ ఊగుడు మొదలైతే స్టీరింగును ఎదురు తిప్పకుండా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, వేగాన్ని దానంతట తగ్గనివ్వాలి.

కాంక్రీటు మిల్లర్లకూ పాత కంప్రెసర్లకూ సాధారణంగా సొంత బ్రేకులు ఉండవు. వాటిని ఆపే భారమంతా లాగే బండి మీదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కన్నా 80లో బ్రేకులు మింగాల్సిన శక్తి 78 శాతం ఎక్కువ. మిల్లరును లాగుతూ నాలుగు వరుసల రహదారి మీద కారుతో పోటీపడటంలో అర్థం లేదు. కొక్కేనికి పిన్నుతో పాటు క్లిప్పు, దాని కింద అడ్డంగా ఒకదానిమీదొకటి వేసిన రెండు గొలుసులు, వెనుక పనిచేసే దీపాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు లేకుండా దాన్ని కదపకూడదు. మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే.

మలుపుల్లో ఇంకో సంగతి గమనించాలి. రెండు తిత్తులనూ ఒకే గొట్టంతో కలిపితే గాలి పట్టడం సులువు. కానీ మలుపు తిరిగేటప్పుడు బరువు పడిన వైపు తిత్తిలోంచి గాలి రెండో వైపుకు పారుతుంది. ఒరిగే బండి ఇంకా ఒరుగుతుంది. ఎత్తైన లోడుకూ, ముఖ్యంగా పశువులకూ ఇది పనికిరాదు. బండలాగుడుకు వెళ్లే ఎడ్ల జత టన్ను దాటుతుంది. అవి నిలబడే ప్రయాణిస్తాయి, కాళ్లు మార్చుకుంటాయి, మలుపులో ఒకేవైపు మొగ్గుతాయి. అలాంటి బండికి ఒక్కో తిత్తికీ వేరే గొట్టం, వేరే వాల్వు ఉండాలి. వేల రూపాయలు పోసి మేపి, బిడ్డల్లా సాకే ఎడ్లకు కుదుపు తగ్గడం వల్ల కలిగే మేలు కూడా తక్కువేం కాదు. బెదరని ఎద్దు కుదురుగా నిలబడుతుంది, కుదురుగా నిలబడిన లోడు బండికి క్షేమం.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 113వ సెక్షను రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న గరిష్ఠ బరువును దాటకూడదంటుంది. దాటితే 194వ సెక్షను కింద, 2019 సవరణ తర్వాత, 20,000 రూపాయల జరిమానా, దానిపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎక్కువైన లోడు దించే ఖర్చు కూడా యజమానిదే. వేబ్రిడ్జికి గాలితిత్తులు కనిపించవు, దాని ముల్లు చెప్పేది బరువు ఒక్కటే. బండిలో చేసే మార్పుల గురించి 52వ సెక్షను చెబుతుంది. రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. తిత్తులు బిగించేముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోవడం యజమానికి రక్షణ.

బరువు పరిమితి ఒక్క కట్టల మీదే ఆధారపడినది కాదు కాబట్టే చట్టం అంత గట్టిగా ఉంది. టైరు, రిమ్ము, వీల్ బేరింగు, ఇరుసు గొట్టం, బ్రేకు, చాసిస్, క్లచ్చు, అన్నిటిలో బలహీనమైనది ఎంత మోస్తుందో బండి అంతే మోస్తుంది. కట్టలను బలపరిస్తే తర్వాత తెగేది వాటి పక్కనున్నది. టైరు మీద ముద్రించిన గరిష్ఠ బరువు, దానికి కావాల్సిన గాలి చూసి నింపకుండా వెనుక తిత్తులకు మాత్రం గాలి కొట్టడం వృథా.

బిగించడం, చూసుకోవడం

తిత్తి బ్రాకెట్లను చాసిస్‌కు క్లాంపులతో, బోల్టులతో బిగించాలి. చాసిస్ రైలుకు వెల్డింగు పెడితే ఆ వేడికి ఉక్కు బలం పోతుంది. కొత్తగా రంధ్రం వేసినా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. తిత్తి నిండుగా ఉబ్బినప్పుడు దాని చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. టైరు, బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేకు కేబులు ఏదీ తగలకూడదు. సైలెన్సరు పైపు దగ్గరగా ఉంటే మధ్యలో వేడిని అడ్డే రేకు తప్పనిసరి. చాలా కిట్లకు గరిష్ఠ పీడనం 100 పాయింట్ల దగ్గర ఉంటుంది. ఖాళీ బండిలో కూడా 5 పాయింట్లకు తగ్గకూడదు. గాలి పూర్తిగా లేని తిత్తి మడతల్లో రబ్బరు నలిగి తెగిపోతుంది.

రాష్ట్రంలో ఎండలు ముదిరే ఊళ్లలో నంద్యాల ఒకటి. తెల్లవారుజామున 25 డిగ్రీల చల్లదనంలో 50 పాయింట్లు పట్టిన తిత్తి, మధ్యాహ్నం రోడ్డు సెగకూ సైలెన్సరు వేడికీ 65 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం 58 దాటుతుంది. గరిష్ఠానికి దగ్గరగా ఎప్పుడూ నింపకూడదనడానికి ఇదొక కారణం. పొద్దున చల్లగా ఉన్నప్పుడే గేజీ చూడాలి, రోజూ ఒకే వేళకు చూడాలి.

గాలి కారుతోందేమో తెలుసుకోవడానికి టైరు షాపులో చేసేదే చాలు. సబ్బు నీళ్లు చల్లితే బుడగ వస్తుంది. ఎక్కువగా కారేది తిత్తి నుంచి కాదు, గొట్టం కొస నుంచి. గొట్టం కొసను కత్తితో నిటారుగా కోసి, చివరిదాకా నెట్టి బిగిస్తే చాలావరకు ఆగిపోతుంది. క్రషర్ల దగ్గర, రాతి గనుల దగ్గర తిరిగే బండ్లకు మడతల్లో కంకర ఇరుక్కుని రబ్బరును కోస్తుంది. కాబట్టి లోడు దించాక నీళ్లతో కడగాలి. గ్రీజు, డీజిలు తగిలితే వెంటనే తుడవాలి. బండిని జాకీ మీద ఎత్తేముందు గాలి తీసేయాలి, ఇరుసు వేలాడినప్పుడు తిత్తి మితిమీరి సాగకుండా చూసుకోవాలి. షాకప్‌లు పాడైన బండికి తిత్తులు వేసి లాభం లేదు, ఎందుకంటే కమాను పట్టీల మధ్య ఉండే రాపిడి లాంటిది తిత్తిలో లేదు. ఊపును ఆపేది షాకప్ ఒక్కటే.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు దారి మధ్యలో తిత్తి చిరగవచ్చు. రెండూ విడివిడిగా ఉంటే ఒకవైపు కుంగి బండి ఒరుగుతుంది. అప్పుడు మెల్లగా పక్కకు తీసి ఆపి, రెండో తిత్తిలోనూ గాలి తగ్గించి రెండు వైపులా సమం చేయాలి. లోడు బండి మోతకు లోబడే ఉంటే కమాను కట్టలు, వాటి కింది హెల్పర్ పట్టీ ఆ బరువును అందుకుంటాయి. తిత్తులకు నలిగే దెబ్బ తగలకుండా నింపాదిగా నడిపితే ఆ బండి దగ్గరి ఊరి వర్క్‌షాపుకు చేరుతుంది. లోడు మోతను దాటి ఉంటే కట్టలు బంపుస్టాపుల మీద కూర్చుంటాయి, టైరు బాడీకి రాసుకుంటుంది. ఆ స్థితిలో బండిని అంగుళం కూడా నడపకుండా, మరో బండి తెప్పించి కొంత లోడు అక్కడే మార్చాలి.